కాయను కాపాడే వల... పిట్టకు ఉరి కాకూడదు!

ధనుర్మాసం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ల చూరుకి వరి కుచ్చులు వేలాడాల్సిందే. కొత్త పంట కంకుల్ని అందంగా అల్లి, గుత్తులుగా చేసి కడతాం. పిచ్చుకలు వచ్చి వాలి, ఒక్కో గింజా ఒలుచుకు తింటూంటే ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోతాం. మా ఇంట్లోనూ అంతే. కిందటేడు మా అత్తగారు దగ్గరుండి మరీ వీధరుగు మీద కుచ్చులు కట్టించారు.

సరిగ్గా ఆ వారంలోనే, అదే ఇంటి పెరట్లో, నేను కట్టిన వలలో ఓ పిగిలిపిట్ట చచ్చిపోయింది.

పెరట్లో మాకో జామచెట్టుంది. కాయ దోరకు రావడం ఆలస్యం... పొద్దున చిలకలు, మధ్యాహ్నం ఉడతలు, రాత్రి గబ్బిలాలు. వాటి నోటికి అందనివాటిలో పురుగు! పిల్లలకి నాలుగు కాయలు దక్కడం గగనమైపోయింది. "పాత చేపల వల కప్పేస్తే సరి" అని ఎవరో అంటే, తక్కువలో వస్తుంది కదా అని సన్నని నైలాను వల తెప్పించి చెట్టు మీద కప్పేశాను. మిగిలిన అంచుల్ని కింద నేల మీద అలాగే వదిలేశాను. రెండ్రోజులు బాగానే ఉంది. ఒక్క చిలకా రాలేదు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

మూడోనాడు పొద్దున్నే ముగ్గు వేసి పెరట్లోకి వెళ్లేసరికి, వల కిందిభాగంలో ఏదో కదిలింది. చూస్తే ఆరడుగుల పాము! ఒళ్లంతా నైలాను దారాలు చుట్టుకుని మెలికలు తిరుగుతోంది. దానికి జానెడు దూరంలో, రెక్కలు విచ్చుకుని తలకిందులుగా వేలాడుతూ పిగిలిపిట్ట. అదే... బుల్‌బుల్ అంటామే, తల మీద నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ ఉండే పిట్ట. ముందు పిట్ట చిక్కుకుంది. గిలగిల్లాడే పిట్ట కోసం వచ్చి పాము చిక్కుకుంది.

నా కేకకి చుట్టుపక్కల కుర్రాళ్లు కర్రలు పట్టుకుని వచ్చేశారు. మా అత్తగారే అడ్డుపడి, పాములు పట్టే అబ్బాయికి ఫోన్ చేయించారు. అతనొచ్చి చూసి, "కంగారు పడకండమ్మా, ఇది జెర్రిపోతండి. విషం ఉండదు. ఎలకల్ని తింటుంది" అన్నాడు. చిన్న కత్తెరతో ఒక్కో దారమే కత్తిరిస్తూ కూర్చున్నాడు. అరగంట పట్టింది. రెండుచోట్ల దారం చర్మంలోకి దిగిపోయింది. పాము బతికింది. పిట్ట ఎప్పుడో చచ్చిపోయింది.

అత్తగారు ఎక్కువేం మాట్లాడలేదు. "ముందువైపు పిచ్చుకలకి గింజలు కట్టి, వెనకవైపు పిట్టలకి ఉరి కట్టామా అమ్మాయ్?" అన్నారు, అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

అంటే, వల కట్టడమే తప్పా? కాదు. మందు కొట్టడం కంటే వల కట్టడం ఎన్నో రెట్లు మేలు. పిల్లలు చెట్టు మీంచి కోసుకుని కడగకుండానే కొరుక్కు తినే కాయ మీద పురుగుమందు చల్లాలని ఏ తల్లికి ఉంటుంది? తప్పల్లా, ఏ వల, ఎలా, ఎన్నాళ్లు అన్నది తెలుసుకోకుండా కట్టడంలోనే ఉంది. ఆ తర్వాత నేను అడిగి, చదివి, చేసి చూసి నేర్చుకున్నవి మీతో చెప్పాలనిపించింది.

వేలు పట్టిందా... వద్దు!

చేపల వల ఉన్నదే చిక్కించుకోవడానికి. సన్నగా, మెరుస్తూ, కంటికి ఆనకుండా ఉండే నైలాను దారం దానిది. కన్ను పెద్దది. పిట్ట తల పడుతుంది, రెక్క పట్టదు. ఉడత కాలు పడుతుంది, వెనక్కి రాదు. పాము సంగతి మరీ ఘోరం. తల దూరుస్తుంది, నడుము దగ్గర బిగుసుకుపోతుంది. వెనక్కి జరుగుదామంటే పొలుసులు దారానికి అడ్డం పడతాయి. ఎంత పెనుగులాడితే అంత లోతుగా కోసుకుంటుంది.

సంక్రాంతి గాలిపటాల మాంజాకి పక్షుల రెక్కలు తెగుతున్నాయని ఏటా అయ్యో అనుకుంటాం. నైలాను మాంజాని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది కూడా. మరి అలాంటి నైలాను దారాన్నే మన చేత్తో మన చెట్టుకి కట్టడం ఏం న్యాయం?

కొనేముందు చిన్న పరీక్ష చేయండి. వలని రెండు చేతులతో బాగా సాగదీసి, కంట్లోకి మీ చిటికెన వేలు దూర్చి చూడండి. వేలు పట్టిందంటే ఆ వల ఇంటికి తేకండి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఇళ్లలో పండ్లచెట్లకు కట్టే వల కన్ను, పూర్తిగా సాగదీసినా 5 మిల్లీమీటర్లకు మించకూడదని 2021 సెప్టెంబరు 1 నుంచి నిబంధనే పెట్టారు. పెద్ద గబ్బిలాలు, పక్షులు, పాములు పెరటి వలల్లో చిక్కుకుని చచ్చిపోతుంటే చూడలేక పెట్టిన నిబంధన అది. మనకి చట్టం దాకా ఎందుకు? మన చిటికెన వేలు చాలు!

వల రంగు తెలుపైతే మంచిది. నలుపు, ఆకుపచ్చ వలలు ఆకుల్లో కలిసిపోతాయి. తెల్లది పగలు పిట్టలకీ, మసక వెలుతురులో గబ్బిలాలకీ తేలిగ్గా కనిపిస్తుంది. కనిపిస్తే చుట్టు తిరిగి పోతాయి.

పాత దోమతెర ఉందా?

అన్నిటికంటే మంచి వల మీ అటక మీదే ఉండొచ్చు. చిరిగిందని చుట్టి పడేసిన దోమతెర! దాని కన్ను చాలా చిన్నది. పిట్ట చిక్కదు, తొండ చిక్కదు. కాయలో గుడ్లు పెట్టే పండు ఈగ దూరదు. క్యాబేజీ ఆకుల్ని జల్లెడ చేసే పురుగు తాలూకు రెక్కల పురుగూ దూరదు. చిరుగులు మాత్రం ముందే కుట్టేయండి. చిరుగే పిట్టకి ఉచ్చు అవుతుంది.

టమాటా, మిరప నారు పోసేవారికి తెల్లదోమ బెడద వేరు. ఆకుముడత తెగులు అంటించేది అదే. తెల్లదోమ మిల్లీమీటరు పొడవుంటే ఎక్కువ. దాన్ని ఆపాలంటే 40 లేదా 50 మెష్ నైలాను వల కావాలి. 40 మెష్ అంటే అంగుళానికి 40 కళ్లు అన్నమాట. అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది. దుకాణంలో ఈ లెక్క తెలియక తికమక పడుతుంటాం. అలాగే, ఆకుపచ్చ షేడ్‌నెట్ వేరు, పురుగు రాకుండా కట్టే వల వేరు. 50 శాతం షేడ్‌నెట్ కడితే సగం ఎండ పోతుంది. టమాటా, వంగ, బెండ లాంటి వాటికి ఎండ లేకపోతే కాపు ఎక్కడిది?

కప్పడం కాదు, కట్టడం

నేను చేసిన రెండో తప్పు ఇదే. వలని దుప్పటిలా చెట్టు మీద కప్పేశాను. ముడతలు పడి, వదులుగా వేలాడే వలే చిక్కు తెస్తుంది. వల ఎప్పుడూ బిగుతుగా ఉండాలి. చేత్తో తడితే చెయ్యి వెనక్కి ఎగరాలి!

మడికీ, కుండీలకీ అయితే వెదురు బద్దల్ని విల్లులా వంచి గుచ్చండి. అరంగుళం ప్లాస్టిక్ పైపులైనా సరే. వాటి మీద వల లాగి, అంచుల్ని చుట్టూ మట్టిలో కప్పెట్టండి, లేదా ఇటుకలు వరసగా పేర్చండి. మిద్దె మీదైతే గాలికి ఎగరకుండా పైపుకి క్లిప్పులు పెట్టండి. వల ఆకుకి తగలకుండా బెత్తెడు ఎడం ఉంచండి. ఆకుకి అంటుకుని ఉంటే, సీతాకోకచిలుకలు బయటినుంచే గుడ్లు పెట్టి పోతాయి.

చెట్టుకైతే, కొమ్మలకి పైన నాలుగువైపులా కర్రలు నిలబెట్టి వల లాగండి. కిందిభాగాన్ని దగ్గరకి తీసి, కాండానికి చుట్టి తాడుతో కట్టేయండి. నేల మీద కుప్పగా పడి ఉండే అంచే పాముకి, తొండకి, కప్పకి చావు. మా పెరట్లో జరిగింది అదే.

అపార్ట్‌మెంటు బాల్కనీల్లో పావురాలకి అడ్డంగా కట్టే వలల సంగతీ ఇంతే. కట్టేటప్పుడు బిగుతుగానే ఉంటాయి. ఏళ్లు గడిచేసరికి ఎండకి చివికి, ఓ మూల ఊడుతుంది. ఆ సందులోంచి లోపలికొచ్చిన పావురం మళ్లీ బయటికి పోలేదు. నెలకోసారి మూలలు చూసుకోండి.

పురుగుని లోపల పెట్టి తాళం వేయకండి!

వల కట్టేముందు ఆకుల్ని తిప్పి చూడండి. అడుగున గుడ్లుంటే నలిపేయండి. పుచ్చిన కాయలు, రాలిన ఆకులు ఏరేయండి. పండు ఈగ పురుగు కాయలోంచి మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటుంది. కాబట్టి మట్టిని ఓసారి గుల్లచేసి రెండ్రోజులు ఎండ తగలనివ్వండి. ఇదంతా చేయకుండా వల కడితే పురుగుకి రాజభోగమే. దాన్ని తినే పిట్ట బయట, అది లోపల!

పేనుబంక విషయంలో మరీ జాగ్రత్త. ఎర్రగా, నల్ల చుక్కలతో ముద్దుగా ఉండే అక్షింతల పురుగులు మనకి నేస్తాలు. పేనుబంకని అవీ, వాటి పిల్లలూ కరకరా తినేస్తాయి. వల కట్టిన మడిలో పేనుబంక కనిపిస్తే, వల తీసేసి నీళ్లు గట్టిగా చిమ్మి కడగండి. ఓ రోజంతా అలా వదిలేస్తే అక్షింతల పురుగులకీ దారి దొరుకుతుంది.

తేనెటీగ రాకపోతే కాయ ఎలా?

"వల కట్టాక పురుగు పోయింది కానీ, బీరపాదుకి ఒక్క కాయా లేదేంటండీ?" అని మా వీధిలో ఒకావిడ అడిగారు. లేకపోవడానికి కారణం వలే! బీర, సొర, కాకర, గుమ్మడి, దోస... వీటికి మగపూలు వేరు, ఆడపూలు వేరు. పుప్పొడి అటునుంచి ఇటు మోసేది ఏ తేనెటీగో, రెక్కల పురుగో. వల కట్టి వాటిని ఆపితే పిందెలు పండిపోయి రాలిపోతాయి.

దీనికో ఉపాయముంది. పూసే వేళ చూసి వల తీయండి. కాకర, గుమ్మడి, దోస పొద్దున్నే పూస్తాయి. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకి వల ఓ పక్క ఎత్తి, రెండు మూడు గంటల తర్వాత దించండి. అదీ కుదరకపోతే మీరే తేనెటీగ అవ్వండి. కింద పిందె లేనిది మగపువ్వు. దాన్ని కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. పిల్లలకి చెబితే పోటీపడి చేస్తారు.

టమాటా, వంగ, మిరపకి అంత ఇబ్బంది లేదు. ఆ పువ్వులు తమంతట తామే కాయ కట్టగలవు. వల లోపల గాలి తక్కువ కాబట్టి పొద్దున్నే కొమ్మల్ని ఓసారి మెల్లగా తట్టండి, చాలు. తోటకూర, పాలకూర, మెంతికూర, క్యాబేజీలకి పువ్వుతో పనే లేదు. కోసేదాకా వల ఉంచినా నష్టం లేదు. జామ, దానిమ్మలాంటి చెట్లకి మాత్రం పూత రాలి పిందె నిలిచాకే వల.

ఎండాకాలం సన్నని వల లోపల ఉక్క ఎక్కువ. మన రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట మొక్క ఉడికిపోతుంది. ఆ రోజుల్లో సన్న వల తీసేయడమే మేలు. వానాకాలం తడి ఆరక బూజు పట్టవచ్చు. ముసురు రోజుల్లో వలని కాస్త ఎత్తి గాలి తగలనివ్వండి.

చెట్టంతా ఎందుకు, కాయకి కట్టండి

ఇప్పుడు మా జామచెట్టుకి వల లేదు. కాయలకి సంచులున్నాయి! కాయ నిమ్మకాయంత అవగానే, పాత నూలుచీర ముక్కలతో కుట్టిన చిన్న సంచి తొడిగి, మూతి బిగించి కడతాను. చీర అంచులు కూడా వృథా కావు, వాటినే తాళ్లుగా వాడతాను. కాయ పండబోయే ముందే పండు ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. అంతకు ముందే సంచి కట్టేస్తే పురుగుండదు. మామిడికీ, దానిమ్మకీ, సీతాఫలానికీ ఇదే పద్ధతి. కాగితం సంచైనా పనికొస్తుంది కానీ, వానకి చిరుగుతుంది. పాలిథిన్ కవరు మాత్రం వద్దు. లోపల చెమర్చి కాయ కుళ్లిపోతుంది.

"ఉడత గుడ్డని కొరికెయ్యదా?" అంటారా? కొరుకుతుంది. అందుకే ఓ ఒప్పందానికి వచ్చాం. చేతికి అందే కొమ్మల కాయలకి సంచులు కడతాం. పైకొమ్మల కాయలు వాటికే వదిలేస్తాం. పైన తేలిగ్గా దొరుకుతుంటే కిందివాటి జోలికి తక్కువే వస్తున్నాయి. చిలకల్ని బెదరగొట్టడానికి పాత సీడీలు రెండు వేలాడదీశాను. జొన్న, పొద్దుతిరుగుడు చేలల్లో రైతులు ఎరుపూ, వెండీ రంగుల మెరుపు రిబ్బను కడతారు చూడండి, అదే కిటుకు. గాలికి తిరుగుతూ ఎండలో తళుక్కుమంటే పిట్టలు బెదురుతాయి. ఒకేచోట ఉంచితే అలవాటు పడిపోతాయి కాబట్టి నాలుగురోజులకోసారి చోటు మార్చండి.

చిక్కితే ఏం చేయాలి?

ఎంత జాగ్రత్తగా కట్టినా రోజుకి రెండుసార్లు వల చూడాల్సిందే. తెల్లారాక ఓసారి, దీపాలవేళ ఓసారి. పొద్దున చిక్కింది మధ్యాహ్నం ఎండకి బతకదు.

పిట్ట చిక్కితే లాగకండి. లాగితే రెక్క విరుగుతుంది. మెత్తటి గుడ్డ మీద కప్పి, కళ్లు మూసుకుపోయేలా చేస్తే నెమ్మదిస్తుంది. అప్పుడు కత్తెరతో దారాలు తెంపండి. వల పోతే పోయింది! గాయం ఉంటే, గాలి ఆడే కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా నిశ్శబ్దంగా ఉంచి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పాపం దాహమేమో అని నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గబ్బిలమైతే ఉత్త చేతులతో ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కరిస్తే, గీరితే వెంటనే సబ్బునీళ్లతో కడిగి డాక్టరుకి చూపించండి. పాము చిక్కితే అసలు దగ్గరికే వెళ్లొద్దు. అది ఏ పామో మనకి తెలియదు. దూరంగా నిలబడి, కర్రలతో ఎవరూ రాకుండా చూస్తూ, అటవీశాఖకో, పాములు పట్టేవారికో కబురు చేయండి. హైదరాబాద్ వారికైతే పాముల కోసం ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ, పక్షులూ జంతువుల కోసం బ్లూక్రాస్ ఉన్నాయి. మీ ఊళ్లో ఎవరున్నారో ముందే కనుక్కుని, ఆ నంబరు వంటింటి గోడ మీద రాసిపెట్టుకోండి. కంగారులో వెతుక్కుంటే దొరకదు.

కాపు అయిపోగానే వల విప్పేయండి. ఉతికి, నీడలో ఆరబెట్టి, మడిచి అటక ఎక్కించండి. పనికిరానిదైతే ముక్కలుగా కత్తిరించి చెత్తబండిలో వేయండి. కాలవలోనో, కంచె మీదో పడేస్తే, పిట్టలు ఆ దారాల్ని గూటికి తీసుకెళ్తాయి. పిల్లల కాళ్లకి చుట్టుకుంటాయి.

తొండ, కప్ప, పిగిలిపిట్ట, పాము... ఇవన్నీ మన దగ్గర జీతం అడగకుండా పురుగుల్నీ, ఎలకల్నీ ఏరే పనివాళ్లు. వాటిని చంపుకుని కాయల్ని కాపాడుకుంటే, వచ్చే ఏడు పురుగుల్ని ఏరేదెవరు?

ఈ ఏడు పైకొమ్మల్లో పిగిలిపిట్టలు రెండు తిరుగుతున్నాయి. పొద్దున్నే అవి కాయ పొడుస్తుంటే మా అత్తగారు కాఫీగ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడతారు. నిన్న నన్ను పిలిచి, "అమ్మాయ్, వరి కుచ్చులు ఈసారి ఒకటి పెరట్లో కూడా కట్టించు" అన్నారు.